ఎడ్డెమంటే తెడ్డెమనే తోబుట్టువులు: ఒకరి కంపెనీ ఒకరికి ఎప్పుడు, ఎలా నచ్చుతుంది?

క్లుప్తంగా: ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరి స్వభావాలు పూర్తిగా వేరుగా ఉండటం మామూలే. అందులో జన్యువుల వాటా కొంత, ఇద్దరికీ విడివిడిగా ఎదురైన పరిస్థితుల వాటా కొంత, ఇంట్లోవాళ్లు వేసే ముద్రల వాటా ఇంకొంత. గొడవలు తగ్గడం వేరు, కలిసి కూర్చోవడం నచ్చడం వేరు. పోల్చి చూడటం ఆగి, ఇద్దరి తీరుకూ చోటున్న పని ఒకటి దొరికి, మధ్యలో అమ్మానాన్నల రాయబారం లేకుండా మాట్లాడుకోగలిగితే ఆ ఇష్టం ఏర్పడే అవకాశాలు బాగా పెరుగుతాయి.

రాఖీ రోజు మధ్యాహ్నం రెండింటికల్లా హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఒకే తంతు. రాఖీ కట్టడం అయిపోయింది, స్వీటు తినిపించుకున్నారు, ఫొటో దిగి స్టేటస్ పెట్టారు, భోజనాలూ అయ్యాయి. ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో తెలియక అక్క వంటింట్లో అమ్మ దగ్గరికి, తమ్ముడు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి. ఇద్దరికీ గొడవలేం లేవు, ఒకరికి కష్టమొస్తే ఇంకొకరు అర్ధరాత్రయినా బండి తీస్తారు, కానీ ఒక గంట ఊరికే కలిసి కూర్చోమంటే మాత్రం ఇద్దరికీ ఇబ్బందే. రాఖీ, కార్తీకంలో భగినీ హస్త భోజనం, సంక్రాంతి లాంటివి తోబుట్టువులను ఏటా తప్పకుండా కలుపుతాయి. కలిశాక సరదాగా గడపడం సంగతి మాత్రం వాళ్లిద్దరే చూసుకోవాలి.

ఈ మధ్య రీళ్లలో, వాట్సాప్ ఫార్వర్డ్‌లలో ఈ విషయం తెగ తిరుగుతోంది. ఇంట్రోవర్ట్ అన్న, ఎక్స్‌ట్రోవర్ట్ చెల్లి అని ఒకటి, ఇంటి బాధ్యతంతా పెద్దమ్మాయి నెత్తినే పడుతుందనే ‘పెద్ద కూతురు సిండ్రోమ్’ అని ఇంకొకటి. ఆ పేరుతో వైద్యశాస్త్రంలో గుర్తించిన జబ్బేమీ లేదు, అయినా చాలామంది తమ కథే చెప్తున్నారని దాన్ని పట్టుకుంటున్నారు. చదివేవాళ్లకు మిగిలే అనుమానం ఒక్కటే: స్వభావాలు కలవనప్పుడు మనుషులు కలవడం సాధ్యమేనా? దీనికి జవాబు కావాలంటే ముందు ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి.

ఒకే కడుపున పుట్టి ఇంత తేడా ఎందుకు?

సొంత తోబుట్టువులకు సగటున సగం జన్యువులు కలుస్తాయని అందరూ అంటారు. ఆ సగం అనేది సగటు మాత్రమే. ఆస్ట్రేలియాలో పీటర్ విషర్ బృందం 2006లో వేల జంటలను కొలిచి చూస్తే అది దాదాపు 37 శాతం నుంచి 62 శాతం దాకా మారుతూ కనిపించింది. అంటే కొందరు తోబుట్టువులు మిగతావాళ్ల కంటే జన్యుపరంగా కాస్త దగ్గర, కొందరు కాస్త దూరం. మనుషుల మధ్య స్వభావంలో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువులతో ముడిపడి ఉంటుందని కవలల మీద, దత్తత పిల్లల మీద జరిగిన పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఇది జనం మొత్తంలో కనిపించే తేడాల లెక్క. ఒక మనిషిని తీసుకుని ఇతని కోపంలో సగం తాత నుంచి వచ్చిందని చెప్పడానికి ఈ అంకె పనికిరాదు.

మరి మిగతా సగం? ఒకే ఇల్లు, ఒకే పెంపకం, ఒకే పప్పు అన్నం కాబట్టి పిల్లలు ఒకేలా తయారవ్వాలని అనిపిస్తుంది. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనీస్ డేనియల్స్ రాసిన ఒక వ్యాసం ఈ నమ్మకాన్నే కదిలించింది. స్వభావం విషయంలో ఒకే ఇంట్లో పెరగడం పిల్లల్ని ఒకేలా చేయడం చాలా తక్కువని, బయటి పరిస్థితుల ప్రభావమంతా ప్రధానంగా ఒక్కో బిడ్డకు విడిగా తగిలేదేనని వాళ్లు చూపించారు.

దీన్ని హైదరాబాద్ ఇంట్లో పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పెద్దమ్మాయి పుట్టినప్పుడు అమ్మానాన్న చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నారనుకుందాం. నాన్నకు కొత్త ఉద్యోగం, అమ్మకు కొత్త ఊరు, నెలాఖరుకు చేతిలో డబ్బు ఉండేది కాదు, పాపకు జ్వరమొస్తే ఇద్దరికీ వణుకు. ఆరేళ్ల తర్వాత తమ్ముడు పుట్టేసరికి మియాపూర్‌లో సొంత ఫ్లాట్, కింద ఆడుకోవడానికి పాతికమంది పిల్లలు, జ్వరమొస్తే ఏ సిరప్ ఎన్ని మిల్లీలీటర్లో అమ్మకు కంఠతా వచ్చు. అదే అమ్మ, అదే నాన్న, కానీ ఇద్దరు పిల్లలూ పెరిగింది ఒకే ఇంట్లో అని గట్టిగా అనలేం. అక్కకు డబ్బు జాగ్రత్త ఎక్కువ, తమ్ముడు చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెడతాడు అంటే అందులో ఇద్దరి బాల్యమూ ఉంది.

పోలికలు పంచేది ఇల్లే

తేడాలో ఇంకో భాగం ఉంది, దీని గురించి మన ఇళ్లలో ఎక్కువ మాట్లాడుకోవాలి. బిడ్డ పుట్టి పదకొండో రోజు కూడా దాటకముందే బంధువులు పోలికలు తేల్చేస్తారు. ముక్కు మేనత్తది, నుదురు తాతది. అక్కడితో ఆగితే ఇబ్బంది లేదు. మూడేళ్లు వచ్చేసరికి పోలిక గుణాలకు ఎక్కుతుంది: పెద్దోడు అచ్చం వాళ్ల నాన్న, మాట బయటికి రాదు, చిన్నోడు మేనమామ పోలిక, నోరు మూయడు. ఒకసారి మౌనం అన్న వాటాకు వెళ్లాక తమ్ముడికి మిగిలేది మాట. అన్న ఎప్పుడైనా నాలుగు జోకులేస్తే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, తమ్ముడు ఒకరోజు ఊరికే మౌనంగా ఉంటే ఒంట్లో బాలేదా అని నుదురు తడిమి చూస్తారు. ఇద్దరూ మెల్లగా తమ వాటాలోకి సర్దుకుంటారు.

అమెరికాలో ఫ్రాన్సెస్ షాక్టర్ 1976లో ఈ ధోరణిని పరిశోధించి చూపించారు. మొదటి ఇద్దరు తోబుట్టువులు, ముఖ్యంగా ఇద్దరూ అబ్బాయిలో ఇద్దరూ అమ్మాయిలో అయితే, తాము ఒకరికొకరు భిన్నమని చెప్పుకోవడం ఎక్కువ. మొదటివాళ్లకూ మూడోవాళ్లకూ మధ్య అంత పట్టింపు లేదు. తర్వాతి పరిశోధనలో ఆమె ఇంకో సంగతి కూడా గమనించారు: ఒకరు అమ్మ పోలిక, ఇంకొకరు నాన్న పోలిక అని పంచుకోవడం కూడా ఈ మొదటి జంటల్లోనే ఎక్కువ. ఇద్దరూ ఒకే మెచ్చుకోలు కోసం పోటీ పడకుండా చెరో దారి పట్టడం వల్ల పోటీ తగ్గుతుందని ఆమె వివరణ. అంటే వ్యతిరేకంగా మారడం కొంతవరకు శాంతి కోసం పిల్లలు తెలియకుండానే చేసుకున్న ఏర్పాటు. చిన్నప్పుడు పనికొచ్చిన ఆ ఏర్పాటే పెద్దయ్యాక ఇద్దరికీ కలిసే చోటు లేకుండా చేస్తుంది.

ఇక్కడ పిల్లల సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో దేశంలో ఒక మహిళకు సగటున 3.4 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 2.0, తెలంగాణలో 1.8. ఐదుగురు పిల్లలున్న ఇంట్లో ఒకడు మరీ దూకుడు, ఒకడు కాస్త దూకుడు, ఒకడు మధ్యస్తం, ఇలా మెట్లు మెట్లుగా ఉంటారు. ఇద్దరే ఉన్న ఇంట్లో మధ్య మెట్టంటూ లేదు. పది మందిలో నిలబెడితే మామూలుగా కలుపుగోలుగానే ఉండే పిల్ల కూడా, బాగా వాగుడుకాయ అయిన అక్క పక్కన ‘సైలెంట్’ అయిపోతుంది. ఆ పిల్లకు కాలేజీలో బోలెడంత స్నేహబృందం ఉందని, అక్కడ అందరికంటే ఎక్కువ మాట్లాడేది తనేనని ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. అసలు ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అనేవి రెండు పెట్టెలు కావు. కార్ల్ యుంగ్ 1921లో ఈ మాటలకు ప్రచారం తెచ్చినా, ఇప్పటి మనస్తత్వ పరిశోధకులు వీటిని ఒకే కొలబద్ద మీద ఎక్కువ తక్కువలుగానే చూస్తారు, ఎక్కువమంది దాని మధ్య భాగంలోనే ఉంటారు.

పెద్దవాళ్లు బాధ్యత, చిన్నవాళ్లు అల్లరి అనేది నిజమేనా?

ఇది త్వరగా తేల్చేయొచ్చు. పుట్టిన వరసే స్వభావాన్ని నిర్ణయిస్తుందనే ఆలోచన మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ నాటి నుంచి ఉంది. 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీలకు చెందిన 20 వేల మందికి పైగా వివరాలతో జరిగిన పరిశోధనలో బహిర్ముఖత (ఎక్స్‌ట్రోవర్ట్ గుణం), బాధ్యత, కలుపుగోలుతనం, భావోద్వేగ స్థిరత్వం లాంటి ముఖ్య గుణాల మీద పుట్టిన వరస ప్రభావం కనిపించలేదు. అదే ఏడు అమెరికాలో 3 లక్షల 77 వేల మంది హైస్కూల్ విద్యార్థుల మీద వచ్చిన ఇంకో పరిశోధనలోనూ ప్రభావం దాదాపు సున్నాయే. ఇంట్లో ఒకరి ముందు ఒకరు ప్రవర్తించే తీరులో మాత్రం వరస గట్టిగానే పనిచేస్తుంది. అక్క ఆఫీసులో ఎవరికీ సలహాలివ్వదు, తమ్ముడు కనిపిస్తే మాత్రం ఇన్సూరెన్స్ కట్టావా అనే మొదలుపెడుతుంది. దాన్ని ఆమె స్వభావం అనడం కంటే ఆ ఇంట్లో ఆమెకు పడిన పాత్ర అనడం సరైనది. పాత్ర కాబట్టే మార్చుకునే వీలుంది.

ర్యాంకుల నీడ

ఈ ఊళ్లో తోబుట్టువులను పోల్చి చూడటం బాగా ముదిరేది ఇంటర్ వయసులో. ఒకరికి ఎంపీసీలో మంచి మార్కులు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు (2024 నుంచి తెలంగాణలో దాని పేరు ఈఏపీసెట్ అయింది, ఇళ్లలో ఇంకా ఎంసెటే), ఇంకొకరికి బొమ్మలో, క్రికెట్టో, కామర్సో. ర్యాంకు ఒకే వరసలో నిలబెడుతుంది, అక్కడ పక్కపక్కన ఇద్దరికి చోటుండదు. అన్న పేరు తమ్ముడి చెవిన పడేది ప్రతిసారీ కొలతగానే. అలాంటి మనిషి పక్కన కూర్చుని హాయిగా నవ్వాలంటే కుదరదు. ఇందులో మెచ్చుకోలు దక్కే పిల్లాడి ఇబ్బంది కూడా తక్కువేం కాదు, తను నోరు విప్పితే తమ్ముడికి ఎక్కడ గుచ్చుకుంటుందో అని అతను కూడా మాటలు తగ్గించుకుంటాడు.

దీనికి తోడు హాస్టల్. 1990లో డ్యూయేన్ బుర్‌మెస్టర్, విండల్ ఫర్మన్ చేసిన పరిశోధన ప్రకారం టీనేజీ గడిచేకొద్దీ తోబుట్టువుల మధ్య పెత్తనం తగ్గి సమానత్వం పెరుగుతుంది, గొడవల తీవ్రత కూడా తగ్గుతుంది. సరిగ్గా ఆ పదహారు, పదిహేడేళ్ల వయసులో మన పిల్లల్లో చాలామంది రెసిడెన్షియల్ కాలేజీలో ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో ఉంటారు, పండక్కి వచ్చినా నిద్రకూ అమ్మ చేతి వంటకే టైమ్ సరిపోతుంది. పెత్తనం చేసే అక్క, ఏడ్చే చెల్లి అనే దశ నుంచి ఇద్దరు సమానులుగా మారే దశ మధ్యలోంచి ఎగిరిపోతుంది. హాస్టల్, బీటెక్, ఉద్యోగం అయ్యాక ముప్పైల్లో కలిస్తే ఇద్దరి దగ్గరా ఉన్నది పన్నెండేళ్లప్పటి పరిచయమే. తోబుట్టువులు పెద్దయ్యాక ఒకరికొకరు కొత్తగా అనిపించడానికి స్వభావం కంటే ఈ ఖాళీయే పెద్ద కారణం కావచ్చని గుర్తిస్తే చాలామందికి మనసులో ఒక బరువు దిగుతుంది.

అమ్మానాన్న ఇద్దర్నీ ఒకేలా చూడటమే దీనికి మందా అంటే, అది కూడా అంత సూటిగా లేదు. లారీ క్రేమర్, అమాండా కోవల్ 1997లో పిల్లలనే అడిగి చూశారు. ఇద్దరినీ వేరుగా చూస్తున్నారని పిల్లలకు తెలుసు, కానీ చాలా సందర్భాల్లో వాళ్లకు అది అన్యాయం అనిపించలేదు. కారణం అర్థమైనప్పుడు తేడా గుచ్చుకోదు. చెల్లికి ఆస్తమా కాబట్టి ఏసీ గది అంటే అన్నకు సరే, కారణం చెప్పకుండా ఇస్తేనే అది పదేళ్లు గుర్తుంటుంది.

గొడవలు తగ్గితే చాలదు

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడ. కొట్టుకోకుండా ఉంటే చాలు దేవుడా అని అమ్మానాన్న అనుకుంటారు, పిల్లలు కూడా పెద్దయ్యాక అదే సూత్రం పాటిస్తారు: రాజకీయాలు ఎత్తొద్దు, ప్లాటు సంగతి ఎత్తొద్దు, పెళ్లి సంగతి ఎత్తొద్దు. అన్నీ ఎత్తకుండా పోయాక ఎండల గురించీ ట్రాఫిక్ గురించీ తప్ప ఇంకేం మిగలదు.

ఫర్మన్, బుర్‌మెస్టర్ 1985లో తోబుట్టువుల బంధాన్ని కొలిచినప్పుడు ఆప్యాయత, గొడవ, పోటీ, పెత్తనం అనే నాలుగు విడివిడి కోణాలు బయటపడ్డాయి. ఆప్యాయత, గొడవ ఒకే తక్కెడకు రెండు పళ్లేలు కావు. రెండూ ఎక్కువున్న జంటలుంటాయి, రోజంతా ఉప్పూనిప్పూలా ఉండి రాత్రి ఒకే కంచంలో తినే అక్కచెల్లెళ్లు మనకు తెలిసినవాళ్లే. రెండూ తక్కువున్న జంటలూ ఉంటాయి, రాఖీ రోజు బాల్కనీలోకి వెళ్లిపోయేది వీళ్లే. క్రేమర్ దశాబ్దాలుగా చెప్తున్నది కూడా ఇదే. గొడవల్ని తగ్గించినంత మాత్రాన మంచి బంధం దానంతట అది రాదు, కలిసి ఆనందించడాన్ని విడిగా నేర్పాలి. ఆమె చిన్నపిల్లల కోసం తయారుచేసిన శిక్షణలో ఆటకు ఎలా పిలవాలి, ఇప్పుడు వద్దని నొప్పించకుండా ఎలా చెప్పాలి, అవతలివాళ్ల కోణం ఎలా చూడాలి లాంటివి అభ్యాసం చేయిస్తారు. ఇవి పెద్దవాళ్లకూ అక్షరాలా వర్తిస్తాయి.

కలిసి కూర్చోవడం కుదిరే తీరు

స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన సుదీర్ఘ పరిశోధన పిల్లల స్వభావాల గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. ఏ స్వభావమూ దానికదే మంచిదీ కాదు చెడ్డదీ కాదు, చుట్టూ ఉన్న పరిస్థితితో దానికి పొత్తు కుదిరిందా లేదా అన్నదే లెక్క. దీన్ని ఇద్దరు తోబుట్టువులకు అన్వయిస్తే, మనుషుల కంటే ముందు మార్చాల్సింది కలిసే పద్ధతిని.

ఎదురెదురుగా కూర్చుని ‘చెప్పు, ఏంటి సంగతులు’ అనే పద్ధతి మాటకారికే అనుకూలం. నెమ్మదస్తుడికి అది ఇంటర్వ్యూ లాగా ఉంటుంది. చేతులకు పని, కళ్లకు ఇంకో చోటు ఉన్నప్పుడు అదే మనిషి తేలిగ్గా మాట్లాడతాడు. మే నెలలో ఆవకాయ పెట్టే రోజును చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మార్కెట్లో ముక్కలు కొట్టించుకుని తెచ్చాక గంటా రెండు గంటల పని ఉంటుంది. ఒక్కో ముక్కలో జీడి తీసేయాలి, టెంకకు అంటుకున్న సన్నటి పొర గీకాలి, పొడి గుడ్డతో తుడవాలి, తడి మిగిలితే పచ్చడి బూజు పడుతుంది. నిదానంగా ఉండే తమ్ముడికి ఇది ఇష్టమైన పని, ముక్క ముక్కనీ తిప్పి చూసి పక్కన పెడతాడు. ఓపిక తక్కువున్న అక్క ఆవపిండి, కారం, ఉప్పు కొలుస్తుంది, నూనె పోస్తుంది, మధ్యలో లేచి ఇద్దరికి ఫోన్లు చేస్తుంది, కలిపాక వేలితో నాకి ఉప్పు చాల్లేదని తేలుస్తుంది. అతని నిదానం ఆమెకు ఆ రోజు అడ్డు కాదు, ఆమె హడావిడి అతనికి ఆ రోజు గోల కాదు. ఇద్దరి మధ్యా పది నిమిషాలు మాటల్లేకపోయినా అది ఎవరికీ లోటుగా అనిపించదు, పదకొండో నిమిషంలో అతను ఆఫీసు సంగతి ఒకటి దానంతట అదే చెప్తాడు. వ్యతిరేక స్వభావాలు ఒకదానికొకటి పనికొచ్చే పని దొరికితే, అప్పటిదాకా విసిగించిన గుణమే ముచ్చటగా కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పులోనే సగం ఫలితం ఉంది.

బయటికి వెళ్లినప్పుడు ఇబ్బంది వేరు. జనవరి, ఫిబ్రవరిలో జరిగే నాంపల్లి ఎగ్జిబిషన్, అంటే నుమాయిష్‌నే తీసుకుంటే, 1938లో మొదలైనప్పటి నుంచి ఊరంతా వెళ్లే చోటు కాబట్టి ఏ ఇంట్లోనైనా ఒకసారి ఈ రగడ జరిగే ఉంటుంది. ఒకరికి ప్రతి స్టాల్ దగ్గరా ఆగాలి, బేరమాడాలి, కొనకపోయినా కశ్మీరీ శాలువా విప్పించి చూడాలి. ఇంకొకరికి అరగంటలో ఆ జనం, మైకుల మోత తలకెక్కుతాయి. చివరిదాకా కలిసే తిరగాలని పట్టుబడితే ఒకరు లాగుతారు, ఒకరు ఈడ్చుకుంటూ నడుస్తారు, తిరుగు ప్రయాణంలో మాటలుండవు. లోపలికి కలిసి వెళ్లి, గంట విడిపోయి, మిర్చీబజ్జీల దగ్గర కలుసుకుందామని ముందే అనుకుంటే ఇద్దరికీ ఎవరి నుమాయిష్ వాళ్లకు దొరుకుతుంది, కలిశాక చెప్పుకోవడానికి వేర్వేరు కబుర్లు కూడా ఉంటాయి. కలిసి గడపడమంటే ప్రతి నిమిషం పక్కనే ఉండటం అనే నిబంధన ఎక్కడా లేదు.

నిడివి కూడా ముఖ్యమే. కొంపల్లిలో ఒకరు, వనస్థలిపురంలో ఒకరు ఉంటే కలవడానికి పోనూ రానూ ట్రాఫిక్‌తో సగం రోజు పోతుంది, అంత దూరం వెళ్లాక గంటలో లేవడానికి మొహమాటం, అందుకే కలవడం వాయిదా పడుతూ పోతుంది. మధ్యలో ఒక చోట, మెట్రో దిగి నడిచే దూరంలో, ఇరానీ చాయ్‌కి కలవడం దీనికి మంచి విరుగుడు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక లేచినా ఎవరూ నొచ్చుకోరు. జనంలో త్వరగా అలిసిపోయేవాళ్లకు ఎప్పుడు ముగుస్తుందో తెలిసిన కలయిక హాయిగా ఉంటుంది, తెలిశాకే వాళ్లు ఇంకాసేపు ఉందామని అంటారు. ముందు చెప్పకుండా ‘కింద ఉన్నా, దిగిరా’ అనడం మాటకారి చెల్లికి ప్రేమ, ప్లాన్ వేసుకుని బతికే అన్నకు టెన్షన్. ‘అన్నయ్యా, ఆదివారం పొద్దున ఎనిమిదికి కేబీఆర్ పార్కులో ఒక రౌండ్ నడుద్దామా, తొమ్మిదిన్నరకి వదిలేస్తా’ అని రెండు రోజుల ముందు పెట్టిన మెసేజ్‌కి అదే అన్న వెంటనే సరే అంటాడు.

వార్తలన్నీ అమ్మ ద్వారానే నడిస్తే

ముప్పై దాటిన తోబుట్టువుల్లో చాలామందికి ఒకరి సంగతులు ఇంకొకరికి అమ్మ నోటి నుంచే తెలుస్తాయి. ఇద్దరి మధ్య బంధంలోకి మూడో మనిషి వచ్చి ఆ బరువు మోయడాన్ని కుటుంబ చికిత్సా నిపుణుడు ముర్రే బోవెన్ త్రికోణంగా వర్ణించారు. అమ్మకు ఇందులో దురుద్దేశం ఏమీ ఉండదు, పిల్లలు కలిసి ఉండాలనే తపనే. కానీ ఆమె ద్వారా వెళ్లేవి పెద్ద వార్తలే: ఉద్యోగం, సంబంధం, రిపోర్టులు, ఈఎంఐ. వాటితో పాటు ఒక బాధ్యత కూడా అంటుకుని వస్తుంది, ‘తమ్ముడు డల్‌గా ఉన్నాడే, ఒకసారి ఫోన్ చెయ్యవే’ అని. అలా చేసిన ఫోన్ పరామర్శ అవుతుంది, కబురు అవ్వదు.

సరదా పుట్టేది చిన్న సంగతుల్లో. లిఫ్టులో ఇరుక్కుపోయిన పక్కింటాయన, చిన్నప్పుడు ఇద్దరికీ ట్యూషన్ చెప్పిన సారు మెట్రోలో కనిపించడం, కొత్త టిఫిన్ సెంటర్లో అల్లం చట్నీ. ఇలాంటివి అమ్మ దాకా వెళ్లవు, వెళ్లినా అవతలికి చేరవు. ఇద్దరి మధ్య నేరుగా ఒక దారి ఉండాలి, అది రాతలోనైనా సరే. మాట్లాడటం కష్టమైన మనిషి వాయిస్ నోట్‌కి జవాబు ఇవ్వకపోవచ్చు, పాత ఫొటోకి తప్పకుండా ఒక లైను రాస్తాడు. చాలా జంటల్లో నోటితో సైలెంట్ అనిపించుకున్న మనిషే చాట్‌లో చమత్కారి.

పెళ్లిళ్లయ్యాక ఇంకో మార్పు వస్తుంది. వదిన, బావ, పిల్లలు అందరూ ఉన్నప్పుడే కలుస్తారు, అది కుటుంబాల కలయిక, అందులో ఆ ఇద్దరికీ విడిగా పది నిమిషాలు దొరకవు. ఏడాదిలో రెండు మూడుసార్లయినా ఇద్దరే కలవడాన్ని ఇంట్లోవాళ్లు తప్పుగా చూడకపోతే చాలా మేలు.

పెత్తనం అలవాటైన పెద్దవాళ్లకు, సలహాలు విని విసిగిన చిన్నవాళ్లకు పాత్రలు కాసేపు తిరగేయడం బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లు చిన్నవాళ్ల దగ్గర ఏదైనా నేర్చుకోవడం. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడపడం నేర్పమని నలభై ఏళ్ల అక్క తమ్ముణ్ని అడిగిన రోజున ముప్పై ఏళ్ల పాత్రలు రెండు గంటలపాటు తారుమారవుతాయి. అతని ఓపిక ఆమె అప్పుడే మొదటిసారి చూస్తుంది.

ఇరవైల్లో దూరం, తర్వాత దగ్గర

తోబుట్టువుల సాన్నిహిత్యం చదువులు, పెళ్లిళ్లు, పసిపిల్లల కాలంలో పలచబడి, నడివయసు దాటాక మళ్లీ పెరగడం పరిశోధకులు చాలాకాలంగా గమనిస్తున్నారు. దీనికి స్వభావం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. 2006లో 92 దీర్ఘకాల పరిశోధనలను కలిపి చూసిన బ్రెంట్ రాబర్ట్స్ బృందం, ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మనుషుల్లో బాధ్యత, భావోద్వేగ స్థిరత్వం పెరుగుతాయని తేల్చింది. అజాగ్రత్త తమ్ముడు కాస్త జాగ్రత్తపరుడవుతాడు, చిన్న మాటకే భగ్గుమనే అక్క కాస్త చల్లబడుతుంది. తేడా పోదు, దాని పదును తగ్గుతుంది. అందుకని ఇరవై రెండేళ్లప్పుడు కలవలేదని శాశ్వతంగా తీర్పు ఇచ్చుకోవడం తొందరపాటు.

ఈ బంధం ఆరోగ్యానికి ఎంత ముఖ్యమో 2007లో వచ్చిన ఒక పరిశోధన సూచించింది. 1938లో మొదలైన హార్వర్డ్ దీర్ఘకాల అధ్యయనంలోని 229 మంది పురుషుల జీవితాలను చూస్తే, ఇరవై ఏళ్లలోపు తోబుట్టువులతో సంబంధం సరిగ్గా లేనివాళ్లు 50 ఏళ్లకల్లా తీవ్ర డిప్రెషన్‌కు గురయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది, తల్లిదండ్రులతో సంబంధాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా. అందరూ అమెరికన్ మగవాళ్లే కాబట్టి దీన్ని మన అక్కచెల్లెళ్లకు యథాతథంగా అంటగట్టకూడదు, అలాగని తీసిపారేయాల్సిన ఫలితమూ కాదు.

ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. కొట్టడం, బెదిరించడం, మత్తు, డబ్బు లాక్కోవడం, అందరి ముందూ పదేపదే అవమానించడం స్వభావ భేదాల కిందికి రావు. వాటికి ఆవకాయ, చాయ్ మందు కావు. అలాంటి చోట దూరంగా ఉండటం తప్పు కాదు, ఇంట్లోవాళ్లు ‘ఎంతైనా అన్నే కదా’ అని సర్దుకుపొమ్మనడం హాని చేస్తుంది. మాట సాయం కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇద్దరే మిగిలే కాలంలో

తెలంగాణలో ఒక మహిళకు సగటున 1.8 మంది పిల్లలే అనే అంకె ప్రభావం ముందు ముందు ఇంకా తెలుస్తుంది. పిల్లలు తగ్గితే మేనత్తలు, మేనమామలు, పెద్దనాన్న పిల్లలు కూడా తగ్గుతారు. పాత ఇల్లు, అమ్మమ్మ గొంతు, నాన్న స్కూటర్ చప్పుడు గుర్తున్న మనిషి ప్రపంచంలో ఇంకొకరే ఉంటారు, ఆ ఒక్కరూ కొన్నిసార్లు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. వీడియో కాల్‌లో ఎదురెదురుగా ముఖాలు చూసుకుంటూ మాటలు వెతుక్కోవడం నెమ్మదస్తుడికి మళ్లీ అదే ఇంటర్వ్యూ. ఫోన్ గట్టు మీద ఆనించి ఇద్దరూ ఎవరి వంట వాళ్లు చేసుకోవడం, ఒకే మ్యాచ్ చూస్తూ కాల్ పెట్టుకోవడం ఎక్కువ రోజులు నిలుస్తున్నాయి.

అమ్మానాన్నలకు వయసు మీద పడినప్పుడు ఈ తేడాలే మళ్లీ పరీక్షకు వస్తాయి. నాన్నను ఆస్పత్రిలో చేర్చినప్పుడు డాక్టర్ని ఆపి అడగగలిగేది, ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర గట్టిగా మాట్లాడగలిగేది మాటకారి చెల్లి. ఏ మందు ఎప్పుడు మొదలైంది, పోయిన నెల కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత అనేది ఫైలు చూడకుండా చెప్పగలిగేది నెమ్మదస్తుడైన అన్న. ఇద్దరూ ఒకే పని చేయబోతే ఆస్పత్రి కారిడార్లోనే తగువు. ఎవరి పని ఏది, ఖర్చు ఎలా పంచుకోవాలి, రాత్రి ఎవరుండాలి అనేవి నాన్న ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒక ఆదివారం టిఫిన్ దగ్గర మాట్లాడుకుని పెట్టుకున్న ఇళ్లలో ఆ కారిడార్లో ఇద్దరికీ కలిసి క్యాంటీన్ కాఫీ తాగే తీరిక కూడా దొరుకుతుంది.